డైపర్ బ్యాగు కొనేముందు ఒక చెయ్యి వెనక్కి పెట్టుకోండి

నా మొదటి డైపర్ బ్యాగుకి 18 అరలు. వచ్చిన రోజు ఒక్కోటీ తెరిచి లెక్కపెట్టాను కాబట్టి గుర్తుంది. మీగడ రంగు రెక్సిను, బంగారు రంగు జిప్పులు, భుజానికి తగిలించుకునే ఒంటి పట్టీ. సీమంతం అయ్యి తెనాలిలో పుట్టింటికి వచ్చాక, మధ్యాహ్నాలు నిద్రపట్టక ఫోన్లో చూసీ చూసీ తెప్పించుకున్నాను. అమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి, "ఇది పిల్లకా, నీకా?" అంది. అప్పుడు కోపం వచ్చింది. జవాబు మాత్రం పాపకి ఐదో నెల వచ్చాక రైల్లో దొరికింది. ఇద్దరికీ కాదు.

ఐదో నెలలో మంచిరోజు చూసి మమ్మల్ని హైదరాబాద్‌లో మేముండే చందానగర్ పంపారు. మా ఆయన వచ్చి తీసుకెళ్లారు. రాత్రి నారాయణాద్రి. నాకూ పాపకీ కింది బెర్తు, ఆయనకి పై బెర్తు. గుంటూరులో ఎక్కేవాళ్లు ఎక్కాక లైట్లు తీసేశారు. సత్తెనపల్లి దాటిందో లేదో, పాప ఒళ్లు విరుచుకుని గట్టిగా ఒక్కసారి ముక్కింది. డైపర్ పక్కల నుంచి మొదలై వీపు మీదుగా మెడ దాకా పాకింది.

నా ఎడమ చెయ్యి పాప పొట్ట మీద ఉంది. తీస్తే దొర్లి కింద పడుతుంది. కుడిచేత్తో బ్యాగు జిప్పు లాగాను. జిప్పు రాలేదు, బ్యాగు వచ్చింది. మళ్లీ లాగాను, మళ్లీ బ్యాగే వచ్చింది. ఖాళీగా ఉన్నప్పుడు వెన్నలా జారిన జిప్పు, నిండా కుక్కేసరికి బిగుసుకుపోయింది. చివరికి పట్టీని పళ్లతో పట్టుకుని లాగితే తెరుచుకుంది. లోపల చూస్తే నల్ల లైనింగు, పైన చీకటి, 18 అరలు. వైప్స్ ఏ అరలో పెట్టానో నాకే తెలీదు. ఎదురు బెర్తులో పెద్దావిడ లేచి ఫోన్ టార్చి వేశారు. "పిల్లని నేను పట్టుకుంటా, నువ్వు వెతుక్కోమ్మా" అన్నారు. వెతికితే తేలిందేమిటంటే, నీళ్ల సీసా మూత వదులై ఎప్పుడో కారిపోయింది. కారిన నీళ్లని అడుగునున్న డైపర్లు తాగేశాయి. ఆరు డైపర్లూ నానబెట్టిన గారెల్లా ఉబ్బి కూర్చున్నాయి. వాటి పని అవి చేశాయి, వాటినేం అనగలం? మార్చడానికి తెచ్చిన గౌన్లు కూడా తడిసి ముద్దయ్యాయి. తెల్లారేదాకా పాప నా చున్నీ చుట్టుకునే పడుకుంది. పొద్దున లింగంపల్లిలో దిగుతుంటే, ఇక చాలన్నట్టు పట్టీ కూడా ఊడి చేతికొచ్చింది.

ఆ తరవాత రెండో బ్యాగు కొన్నాను. పాపకి ఇప్పుడు రెండున్నరేళ్లు, బ్యాగు ఇంకా వాడుతున్నాం. దాన్ని ఎలా ఎంచుకున్నానో చెప్తాను. కొత్తగా తల్లులైన చెల్లెళ్లు, మరదళ్లు అడిగినప్పుడల్లా ఫోన్లో ఇదే పాఠం చెప్తున్నాను కాబట్టి ఒకచోట రాసి పెడితే నాకూ శ్రమ తగ్గుతుంది.

ముందు ఒక కాగితం తీసుకోండి

బ్యాగుల బొమ్మలు చూడ్డం ఆపి, పిల్లతో మీరు ఎక్కడెక్కడికి, ఎందులో వెళ్తారో రాసుకోండి. నా కాగితం మీద ఉన్నవి ఇవీ: టీకాలకి ఆటోలో. అత్తయ్యగారింటికి ఆదివారాలు మెట్రోలో. మార్కెట్‌కి మా ఆయన స్కూటీ మీద. రెండు మూడు నెలలకోసారి తెనాలికి రైల్లో. ఇందులో కారు లేదు. కారుంటే బ్యాగు సీట్లో కూర్చుంటుంది, మీరు మోసేది పార్కింగు నుంచి గుమ్మం దాకానే. అప్పుడు భుజానికి తగిలించుకునే బ్యాగైనా నడుస్తుంది. ఆటో ఎక్కేటప్పుడు వంగితే ఒంటి పట్టీ బ్యాగు సర్రున జారి ముందుకొచ్చి పిల్ల మొహానికి తగులుతుంది. స్కూటీ మీదైతే ఇంకా ఇబ్బంది. ముందు కొక్కేనికి తగిలిస్తే నడిపేవాళ్ల మోకాళ్లకి అడ్డం, హ్యాండిల్ తిరగదు. నాలాంటి వాళ్లకి వీపున వేసుకునే రెండు పట్టీల బ్యాగు తప్ప వేరే దారి లేదు. రెండు చేతులూ పిల్లకి మిగలాలి.

ఇంకో మాట. ఇంట్లో పాత కాలేజీ బ్యాగో, ల్యాప్‌టాప్ బ్యాగో గట్టిది ఉంటే ఈ వ్యాసం సగంలోనే ఆపేసి, సంచుల గురించి రాసిన చోటుకి వెళ్లిపోండి. డైపర్ బ్యాగు అని పేరు పెట్టగానే ధర పెరిగే వస్తువుల్లో ఇదొకటి.

బాబాయి కొట్టులో పాఠం

మా బాబాయి తెనాలిలో బ్యాగులు, సూట్‌కేసులు బాగుచేస్తాడు. జిప్పులు వేస్తాడు, పట్టీలు కుడతాడు, వానాకాలం గొడుగులు కూడా. సంక్రాంతికి వెళ్లినప్పుడు ఊడిన పట్టీతో నా మీగడ రంగు బ్యాగు ఆయన ముందు పెట్టాను. ఆయన దాన్ని బయటి నుంచి అసలు చూడనే లేదు. జిప్పు తీసి, చెయ్యి లోపలికి పెట్టి, కోడి కడుపు శుభ్రం చేసినట్టు మొత్తం తిరగేశాడు.

"ఇదుగో చూడమ్మడూ. పట్టీని రెక్సిను అంచులో దూర్చి ఒక్క వరస కుట్టు వేశాడు. లోపల వేరే గుడ్డ ముక్క లేదు. రెక్సినుకి సూది పడ్డ చోటల్లా బెజ్జం. వరసగా బెజ్జాలు పడితే అది తపాలా బిళ్ల చింపినట్టు చిరుగుద్ది."

మరి ఎలా ఉండాలి బాబాయ్ అంటే, బాగుచేయడానికి వచ్చిన ఒక పాత స్కూలు బ్యాగు తీసి చూపించాడు. పట్టీ కింద ఒక మందపాటి గుడ్డ ముక్క ఉంది. దానిమీద నలుచదరంగా కుట్టి, ఆ చదరం లోపల మూల నుంచి మూలకి అడ్డంగా ఇంటూ గుర్తు కుట్టు వేసి ఉంది. లాగినప్పుడు బరువు ఒక్క గీత మీద పడకుండా ఆ చదరమంతా పంచుకుంటుంది. అంతకన్నా మంచి రకం కూడా ఉంటుందట. భుజం పట్టీ నవారు బ్యాగు పైనే ఆగిపోకుండా కిందకంటా వెళ్లి అడుగుని చుట్టి వస్తుంది. అప్పుడు సామాను నవారు మీద కూర్చుంటుంది, గుడ్డ ఊరికే కప్పినట్టు ఉంటుందంతే.

మీరు కొట్లో బ్యాగు చూసేటప్పుడు కూడా ఇలా తిరగేసి చూడండి. అమ్మేవాళ్లకి నచ్చదు. అయినా చూడండి. లైనింగు అడ్డం ఉండి కుట్టు కనబడకపోతే, పట్టీ మొదట్లో రెండు వేళ్లతో తడమండి. మందంగా, గట్టిగా తగిలితే లోపల గుడ్డ ముక్క ఉన్నట్టు. తరవాత పట్టీని గట్టిగా గుంజి కుట్ల మధ్య చూడండి. సందుల్లోంచి దారాలు సాగి కనిపిస్తున్నాయంటే పక్కన పెట్టేయండి.

జిప్పు సంగతి కూడా బాబాయి దగ్గరే తెలుసుకున్నాను. చాలా జిప్పుల రన్నర్ వెనకవైపు ఒక అంకె ఉంటుంది. 5, 8, 10 ఇలా. మూసినప్పుడు పళ్ల వరస ఎంత వెడల్పో ఆ అంకె దాదాపు అన్ని మిల్లీమీటర్లు అనుకోవచ్చు. నా పాత బ్యాగు పెద్ద అరకి ఉన్నది 5. అది పర్సులకి, చిన్న జేబులకి చాలు. నిండా కుక్కే పెద్ద అరకి 8 ఉంటే నయం. అలాగే పళ్లు విడివిడిగా ఉండే జిప్పు కన్నా నైలాన్ తీగ చుట్టలు చుట్టినట్టు ఉండే జిప్పు మేలు. మూలల దగ్గర సాఫీగా తిరుగుతుంది. అది పట్టు తప్పితే చాలాసార్లు రన్నర్ ఒక్కటి మారిస్తే సరిపోతుంది. విడి పళ్ల జిప్పుకి ఒక పన్ను ఊడిందంటే మొత్తం విప్పి మార్చాల్సిందే. పెద్ద అరకి రెండు రన్నర్లుండాలి. అప్పుడు జిప్పు ఏ పక్క నుంచైనా తెరుచుకుంటుంది.

గుడ్డ గురించి ఎక్కువ చెప్పను. చీటీ మీద 600 డెనియర్ పాలిస్టర్ అని ఉంటే చాలు. డెనియర్ అంటే 9,000 మీటర్ల దారం ఎన్ని గ్రాములు తూగుతుందో ఆ లెక్క. అంకె పెరిగేకొద్దీ దారం మందం. రెక్సిను మాత్రం వద్దు. మన ఎండకీ ఉక్కకీ పై పొర పొక్కులు లేచి పెచ్చులుగా ఊడుతుంది. ఆ పెచ్చులు పాకే పిల్లలు ఏరుకుని నోట్లో పెట్టుకుంటారు.

కొట్లో ఒంటిచేతి పరీక్ష

రెండో బ్యాగు కోసం కోఠి వెళ్లాం. పాపని ఎత్తుకునే వెళ్లాను, కావాలనే. కొట్లో కుర్రాడు పదిహేను బ్యాగులు కింద పరిచాడు. "అక్కా, గిది మస్తు నడుస్తుంది, అందరూ గిదే తీస్కుంటున్రు" అంటూ మళ్లీ ఒక మీగడ రంగుదే చేతిలో పెట్టాడు. నేను మా ఆయన సంచిలోంచి లీటరు నీళ్ల సీసాలు రెండు తీసి అందులో పెట్టి, మిగతా జాగాలో తువ్వాలు కుక్కాను. కుర్రాడు వింతగా చూశాడు. తప్పదు. ఖాళీ బ్యాగు ఏదైనా అందంగానే తెరుచుకుంటుంది. బరువు వేశాకే దాని గుణం బయటపడుతుంది.

పాప ఎడమ చంకలో ఉంది. బ్యాగుని నేల మీద పెట్టాను. కొన్ని నిలబడవు, సీసాల బరువుకి ముందుకి తూలి బోర్లా పడతాయి. అలా పడ్డవన్నీ తీసేయమన్నాను. రైల్వే ప్లాట్‌ఫారం మీద బోర్లా పడ్డ బ్యాగుని ఎత్తడానికి వంగితే చంకలో పిల్ల కూడా వంగుతుంది. నిలబడ్డవాటిని కుడిచేత్తో తెరిచాను. జిప్పు చివర్న వేలు దూరేంత దారమో పట్టీయో ఉన్నవి వచ్చాయి. చిన్న లోహపు బిళ్ల ఉన్నవి వేళ్లలోంచి జారిపోయాయి. చెమట చెయ్యి, నూనె చెయ్యి అయితే ఇక చెప్పక్కర్లేదు.

తెరుచుకున్నాక నోరు తెరిచే ఉండాలి. ఇది చాలామంది గమనించరు. కొన్ని బ్యాగులు జిప్పు తీసినా పెదాలు మళ్లీ దగ్గరికి వచ్చేస్తాయి. ఒక చెయ్యి వాటిని విడదీసి పట్టుకోవాలి, రెండో చెయ్యి లోపల వెతకాలి, పిల్లని పట్టుకోవడానికి మూడో చెయ్యి కావాలి. నోటి అంచుల్లో సన్నటి రేకు చట్రం ఉన్న రకం దొరుకుతుంది. పెద్ద నోరు వేసుకుని పెట్టెలా తెరుచుకుని ఉంటుంది. నేను కొన్నది అదే. లోపలి లైనింగు లేత రంగుది, లేత బూడిద రంగు. రాత్రి రైల్లో ఫోన్ వెలుగులో కూడా అడుగున పడ్డ చెంచా కనిపిస్తుంది. పై రంగు ముదురు నీలం. ఆ రంగు మా ఆయన కోసం. నా మొదటి బ్యాగు ఆయన భుజానికి ఏనాడూ ఎక్కలేదు. సిగ్గని చెప్పలేదు, "పట్టీ పొట్టిగా ఉంది" అనేవారు. ఈసారి కొట్లోనే ఆయన వీపుకి వేసి, పట్టీ సాగదీసి చూశాకే డబ్బులిచ్చాం. 1,450 రూపాయలు, బేరమాడాక. ఇప్పుడు చాలాసార్లు అది ఆయన వీపు మీదే ఉంటుంది.

ఎంత పెద్దది?

నింపితే తెలుస్తుంది. ఒకరోజు బయటికి వెళ్లేంత సామాను సర్ది, మా వీధి చివర కిరాణా కొట్టు కాటా మీద పెట్టించాను. నాలుగు కిలోల పైచిలుకు తూగింది. ఖాళీ బ్యాగే 800 గ్రాములు. లీటరు నీళ్ల సీసా ఒక్కటే కిలో దాటింది. అరలీటరు వేడినీళ్ల ఫ్లాస్కు 800. కొత్త వైప్స్ ప్యాకెట్టు దాదాపు 400 గ్రాములుంటే, డైపర్లు ఆరూ కలిపి 200 కూడా లేవు. బరువంతా నీళ్లదే. ఇక అప్పటికి ఏడు కిలోలున్న పాపని కూడా కలుపుకుంటే మోసేది పదకొండు కిలోలు. అందుకే ఖాళీ బ్యాగు కిలో దాటితే కొనొద్దంటాను. పట్టీలు నాలుగు వేళ్ల వెడల్పుండి లోపల స్పాంజి ఉండాలి.

చీటీ మీద లీటర్లు రాయకపోతే పొడవు, వెడల్పు, లోతు సెంటీమీటర్లలో గుణించి వెయ్యితో భాగించండి. నాది 40, 28, 18. అంటే 20 లీటర్లు. ఒక పిల్లకి ఇంత చాలు. ఇంకా పెద్దది కొంటే ఇంట్లో సామానంతా అందులోకి చేరుతుంది, మోసేది మీరే.

డైపర్ల లెక్కకి నా పద్ధతి ఇదీ: బయట ఉండే ప్రతి మూడు గంటలకీ ఒకటి, పైన రెండు అదనం. రైలైతే అదనం మూడు. బట్టలు పిల్లకి రెండు జతలు, మీకు ఒక పైచొక్కా. అది మాత్రం మర్చిపోకండి. కక్కితే ముందు తడిసేది మీ భుజమే. 6, 10, 14 వారాల టీకాలకి వెళ్లేటప్పుడు పిల్లకి తొడ సులువుగా బయటికి తీయగలిగే గౌనో, వదులు నిక్కరో వేయండి, అదనపు జతా అలాంటిదే పెట్టండి. టీకాల కార్డు కోసం వీపువైపు పలచటి జిప్పు అర ఉంటే మంచిది. కార్డుని ప్లాస్టిక్ కవర్లో పెట్టి అందులో దాచి, ఇంట్లో కూడా అక్కడే ఉంచండి. బీరువాలో వెతికే పని తప్పుతుంది.

బ్యాగుతో పాటు ఇచ్చే మడత చాప మీద ఆశ పెట్టుకోవద్దు. నాకు వచ్చింది చేటంత ఉంది, నాలుగో నెలకే పాప కాళ్లు బయటికి వచ్చేశాయి. పిల్లల కొట్లలో దొరికే రబ్బరు షీటు పిల్లకి సరిపడా పొడవున కత్తిరించి, మీద పాత నేత తువ్వాలు వేస్తే ఏ బెర్తు మీదైనా పక్క సిద్ధం. తువ్వాలు తడిస్తే తీసి ఇంకోటి వేయొచ్చు.

పాల సీసా అర, వేడి ఆపే అర

అమ్మేవాళ్లు ముందుగా చూపించేది ఇదే. లోపల వెండి కాగితం అంటించిన అర. ఇందులో పెడితే పాలు గంటలకొద్దీ చెడవు అంటారు. దాని పని వేడి లోపలికి రావడాన్ని కొంచెం ఆలస్యం చేయడమే. చల్లబరిచేది అది కాదు, లోపల పెట్టే ఐసు ప్యాక్. ఐసు లేకుండా మే నెలలో గుంటూరు ఎండలో ఆ అర మామూలు జేబే.

పిండిన తల్లిపాలు గదిలో, అంటే 25 డిగ్రీల చల్లదనంలో, నాలుగు గంటలుంటాయి. మన వేసవిలో ఆ లెక్క పెట్టుకోకండి. గడ్డకట్టిన ఐసు ప్యాకులు పెట్టిన కూలర్‌లో అయితే రోజు వరకూ నిలుస్తాయి. డబ్బాపాలు కలిపాక రెండు గంటల్లో తాగించాలి, పిల్ల నోరు పెట్టాక గంటలోపే. మిగిలింది పారబోయాల్సిందే. కాబట్టి డబ్బాపాలు పట్టేవాళ్లు కలిపిన పాలు మోసుకెళ్లొద్దు. కొలిచిన పొడి ఒక డబ్బాలో, మరిగించిన వేడినీళ్లు ఫ్లాస్కులో విడివిడిగా పెట్టుకుని అప్పటికప్పుడు కలపాలి. అంటే మీకు కావాల్సింది వెండి కాగితం అర కాదు. ఫ్లాస్కు నిటారుగా నిలబడే, బయటవైపు ఉండే లోతైన జేబు.

తల్లిపాలే ఇచ్చేవాళ్లకి ఆరు నెలల దాకా సీసా అరలతో పనే లేదు. నీళ్లు కూడా పట్టక్కర్లేదు పిల్లకి. తల్లికి మాత్రం లీటరు సీసా ఉండాలి. అది బ్యాగు లోపల కాదు, బయటి జేబులోనే. ఎందుకో నా ఆరు డైపర్లు చెప్తాయి.

ఆరు నెలలు నిండాక ఉగ్గు మొదలవుతుంది, సామాను మారుతుంది. వెడల్పు మూతి స్టీలు ఫ్లాస్కులో వేడివేడిగా వండిన ఉగ్గు, చిన్న గిన్నె, రెండు చెంచాలు. రెండు ఎందుకంటే ఒకటి కచ్చితంగా కింద పడుతుంది. అన్నిటికన్నా సుఖమైన ప్రయాణపు తిండి అరటిపండు. తొక్కే దాని డబ్బా. కానీ బ్యాగు అడుగున మర్చిపోయారంటే రెండు రోజుల తరవాత మీరే చూస్తారు. మేము చూశాం.

గొడుగు గుడ్డ సంచులు

నా 18 అరలకీ ఇదే మందు. బ్యాగుకి అరలు ఎక్కువుంటే ఏది ఎక్కడుందో ఒక్క మనిషికే తెలుస్తుంది, ఆ మనిషి నిద్రలో ఉంటే ఇక అంతే. బాబాయి నాకు నాలుగు సంచులు కుట్టిచ్చాడు, లాగితే మూతిపడే తాడు సంచులు, పాడైన గొడుగుల గుడ్డతో. పలచగా ఉంటుంది, నీళ్లు తొందరగా దిగవు, రాత్రికి ఉతికితే పొద్దుటికి ఆరిపోతుంది. నలుపులో రెండు డైపర్లు, చిన్న వైప్స్ ప్యాకెట్టు, మడిచిన తువ్వాలు ఉంటాయి. డైపర్ మార్చాలంటే ఆ ఒక్క సంచీ తీసుకుంటే చాలు, బ్యాగు మోసుకుని బాత్రూంకి వెళ్లక్కర్లేదు. పూలదాంట్లో బట్టలు. ఎర్రదాంట్లో తిండి సామాను. నీలందాన్ని వెళ్లేటప్పుడు ఖాళీగా తీసుకెళ్తాం. తడిసినవన్నీ అందులోకే. "నీలం సంచి ఇవ్వండి" అంటే మా ఆయన నిద్రమత్తులో కూడా ఇస్తారు.

డైపర్ల బదులు ఇంట్లో పాత చీరల గుడ్డలు వాడేవాళ్లకి తడి సంచులు రెండు కావాలి, బ్యాగు కూడా కొంచెం పెద్దది కావాలి. వాడిన డైపర్లకి నాలుగు పాత న్యూస్ పేపర్లు, కొన్ని కవర్లు ఎప్పుడూ పెట్టుకోండి. విడిగా పారేయకుండా చుట్టి ఇవ్వాలని ఘన వ్యర్థాల నిబంధనల్లో 2016లోనే పెట్టారు. రైల్లో అయితే చచ్చినా మరుగుదొడ్డిలో వేయొద్దు. ఇప్పుడు పెట్టెల కింద ఉన్నవి బయో టాయిలెట్లు. ఒక్క డైపర్ అడ్డం పడితే ఆ దొడ్డి పాడైపోతుంది, పెట్టెలో అందరికీ అవస్థ.

డబ్బులు దండగ అనిపించినవి

ఫోన్ చార్జింగ్ తీగ బయటికి వచ్చే బెజ్జం. దానికి పవర్ బ్యాంకు మీరే కొనాలి, దాని బరువు మీరే మోయాలి, వానకి నీళ్లు దిగేది కూడా ఆ బెజ్జంలోంచే. వెనక్కి విప్పితే పిల్లలు పడుకునే మంచంలా అయ్యే బ్యాగులు. మా ఆడపడుచు కొన్నది చూశాను. బరువెక్కువ, పక్కలు మెత్తగా లోపలికి వాలిపోతాయి. పసిపిల్లని అందులో నిద్రపుచ్చడానికి నాకు ధైర్యం చాలలేదు. ఇక తోపుడు బండి హ్యాండిల్‌కి తగిలించే కొక్కేలు. నాలుగు కిలోల బ్యాగు అక్కడ వేలాడదీసి పిల్లని బండిలోంచి ఎత్తారంటే, బండి వెనక్కి ఎగిరి పడుతుంది. పిల్ల అందులో ఉన్నప్పుడు తేలిక పిల్లైతే పిల్లతో సహా పడొచ్చు. బ్యాగు కిందనున్న బుట్టలో పెట్టండి.

ఒక చిన్న జిప్పు జేబు మాత్రం ఉండాలి, అరచెయ్యంత. జ్వరం చూసే థర్మామీటరు, డాక్టరు పిల్ల బరువుని బట్టి మోతాదు రాసిచ్చిన చీటీ, ఆ మందు అందులో ఉంటాయి. మా బ్యాగులో దాంట్లోనే ఇంకో వస్తువు కూడా ఉంది. పాపతో మొదటిసారి గడప దాటుతుంటే అమ్మ దిష్టికని ఒక ఇనప మేకు, వేపాకు రెమ్మ పెట్టింది. వేపాకు ఎండి పొడైపోయింది. మేకు సంగతి నేను మర్చిపోయాను. మెట్రో స్టేషన్లో బ్యాగు మిషన్లోంచి రాగానే పక్కకి పిలిచారు. సంచులన్నీ ఒక్కొక్కటే బయట పెట్టి, చివర్న ఆ జేబులోంచి మూడంగుళాల మేకు తీసింది సెక్యూరిటీ అమ్మాయి. నేను చెప్పబోయేలోపే పాప మొహం చూసి, "దిష్టికా అక్కా?" అని నవ్వి వెళ్లనిచ్చింది. ఆ తరవాత మేకు తీసేసి పిన్నీసు పెట్టాను. అమ్మకి చెప్పలేదు.

ఇంటికొచ్చాక

ఎంత రాత్రయినా నీలం సంచి ఆ పూటే ఖాళీ చేయాలి. పొద్దున చూద్దాంలే అనుకున్న బట్టలు పొద్దుటికి బ్యాగంతా వాసన పట్టిస్తాయి. పాలు ఒలికిన చోట వేడినీళ్లు పోయకండి, పాలు గుడ్డకి పట్టేస్తాయి. ముందు చన్నీళ్లతో కడిగి, తరవాత సబ్బు. నెలకోసారి బ్యాగు మొత్తం చేత్తో ఉతికి, జిప్పులన్నీ తెరిచి, నీడలో తలకిందులుగా వేలాడదీస్తాను. వాషింగ్ మిషన్లో వేస్తే నోట్లో రేకు చట్రం వంకరపోతుంది. ఆరాక జిప్పు పళ్ల మీద కొవ్వొత్తి ముక్క రెండుసార్లు రుద్ది, రన్నర్‌ని అటూ ఇటూ నడిపిస్తే మళ్లీ ఒంటిచేత్తో తెరుచుకుంటుంది. అది బాబాయి చిట్కా. కొవ్వొత్తి తెల్లదై ఉండాలి, రంగుదైతే గుడ్డకి అంటుతుంది.